ప్రాణం తీసే హక్కు ఎవరిది? యూదు, క్రైస్తవ ధర్మాల్లో నరహత్య, మరణశిక్ష, గర్భవిచ్ఛిత్తి

యూదులూ క్రైస్తవులూ శిరసావహించే పది ఆజ్ఞల్లో నరహత్యను నిషేధించే ఆజ్ఞ ఒకటి. యూదులు, ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది దానిని ఆరవ ఆజ్ఞగా లెక్కిస్తే, కాథలిక్కులు, లూథరన్లు ఐదవదిగా లెక్కిస్తారు. లెక్కలోని ఈ తేడా స్వల్పమే కాని, ఆ ఆజ్ఞ ఎవరిని కాపాడుతుంది, ఎవరి చేతిని ఆపుతుంది అన్న విషయంలో ఈ రెండు మతాల మధ్య, ఒక్కొక్క మతంలోని శాఖల మధ్య ఏర్పడిన తేడాలు చాలా లోతైనవి. ఆ ఆజ్ఞను ప్రకటించిన నిర్గమకాండమే మరుసటి అధ్యాయంలో కొన్ని నేరాలకు మరణశిక్ష విధిస్తుంది. ద్వితీయోపదేశకాండము యుద్ధానికి నియమాలు చెబుతుంది. కాబట్టి ఆజ్ఞ నిషేధించింది అన్యాయంగా ప్రాణం తీయడాన్నే తప్ప ప్రాణం తీయడాన్నంతటినీ కాదన్న అవగాహన యూదు వ్యాఖ్యాతల్లోనూ, అధికసంఖ్యాక క్రైస్తవుల్లోనూ స్థిరపడింది. ఏది అన్యాయమో తేల్చడమే అసలు సమస్య. మరణశిక్ష, గర్భవిచ్ఛిత్తి అనే రెండు ప్రశ్నలకు ఈ మతాలు కాలక్రమంలో చెప్పిన సమాధానాలను పరిశీలిస్తే, మనిషి ప్రాణానికి రక్షణ కల్పించింది గ్రంథవాక్యం ఒక్కటే కాదనీ, దానిని అన్వయించడంలో చూపిన జాగ్రత్త కూడాననీ, ఆ జాగ్రత్త సడలిన ప్రతిసారీ అదే వాక్యం ప్రాణం తీయడానికి ఆధారమైందనీ బోధపడుతుంది.

రెండు మతాలకూ మూలసూత్రం ఒక్కటే. ఆదికాండము ప్రకారం దేవుడు మనిషిని తన స్వరూపంలో సృష్టించాడు. జలప్రళయం తర్వాత నోవహుకు ఇచ్చిన కట్టడలో హంతకుడు తన ప్రాణంతో బదులు చెప్పాలనడానికి చూపిన కారణం కూడా ఆ దైవ స్వరూపమే. ప్రాచీన హిత్తీయుల చట్టం హత్యకు పరిహారం చెల్లించి బయటపడే వీలు కల్పించగా, సంఖ్యాకాండము దానిని నిషేధించి, మనిషి ప్రాణానికి ధర కట్టరాదన్న నియమం చేసింది. అదే గ్రంథం, పగలేకుండా పొరపాటున ఒకరి మరణానికి కారణమైనవాడు మృతుడి బంధువుల ప్రతీకారానికి బలికాకుండా ఆరు ఆశ్రయపురాలను ఏర్పాటు చేయించి, ఉద్దేశపూర్వకమైన హత్యకూ ప్రమాదవశాత్తు జరిగిన మరణానికీ మధ్య స్పష్టమైన గీత గీసింది. దైవ స్వరూపం హతుడిలో ఉన్నట్టే హంతకుడిలోనూ ఉంటుంది కదా అన్న ప్రశ్న మాత్రం అక్కడితో ముగియలేదు.

శాసనంలో నిలిచి, ఆచరణలో ఆగిన శిక్ష

తోరా, అంటే మోషే ధర్మశాస్త్రంగా పేరుపొందిన ఐదు గ్రంథాలు, మరణశిక్షను దాపరికం లేకుండా విధించాయి. 12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీస్ లెక్క ప్రకారం అటువంటి నేరాలు 36. దైవదత్తమైన శాసనాన్ని రద్దు చేసే అధికారం రబ్బీలకు, అంటే యూదు ధర్మపండితులకు, లేదు. అయితే, తరతరాల మౌఖిక ధర్మాన్ని క్రీ.శ. 200 ప్రాంతంలో క్రోడీకరించిన మిష్నా, దాని మీద జరిగిన విస్తృత చర్చల సంపుటమైన తాల్ముద్, ఆ శిక్ష అమలుకు పెట్టిన షరతులు దానిని దాదాపు అసాధ్యం చేశాయి. మరణశిక్ష పడదగిన కేసును 23 మంది న్యాయమూర్తులు విచారించాలి. నేరాన్ని కళ్లారా చూసిన సాక్షులు కనీసం ఇద్దరుండాలి. నేరానికి ముందే నిందితుడిని ఎవరైనా హెచ్చరించి ఉండాలి. అతడు స్వయంగా నేరం ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదు. విడుదలకు ఒక్క ఓటు ఆధిక్యం చాలు, శిక్షకు రెండు ఓట్ల ఆధిక్యం కావాలి. విడుదల తీర్పును ఆ రోజే చెప్పవచ్చు, శిక్షను మాత్రం మరునాటి వరకు ఆపాలి. న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా దోషి అంటే నిందితుడిని వదిలిపెట్టాలన్న అభిప్రాయం కూడా తాల్ముద్‌లో ఉంది. నిందితుడి పక్షాన ఆలోచించినవాడు ఒక్కడైనా లేని సభలో విచారణ సక్రమంగా జరగలేదన్నది దీనికి చెప్పే ప్రసిద్ధమైన వివరణ.

ఒక ప్రాణాన్ని నాశనం చేయడం ఒక లోకాన్నే నాశనం చేయడంతో సమానమన్న సుప్రసిద్ధ బోధ మిష్నాలో కనిపించేది కూడా ఇటువంటి విచారణ సందర్భంలోనే. సాక్ష్యం చెప్పేముందు సాక్షులకు చేసే హెచ్చరికలో అది భాగం. ధనానికి సంబంధించిన కేసులో తప్పుడు సాక్ష్యాన్ని డబ్బుతో సరిదిద్దవచ్చు కాని, ప్రాణానికి సంబంధించిన కేసులో చనిపోయినవాడి రక్తమే కాక అతడికి పుట్టవలసిన సంతతి రక్తం కూడా ఆ సాక్షి మీదే ఉంటుందని, సృష్టి ఆరంభంలో ఒకే ఒక్క మనిషి నుంచి లోకమంతా విస్తరించిందని అతడికి గుర్తుచేసేవారు.

ఏడేళ్లకు ఒకసారి మరణశిక్ష అమలుచేసిన న్యాయసభను సైతం విధ్వంసక సభ అనాలని మిష్నా నమోదు చేసింది. ఏడేళ్లకు కాదు, డెబ్భై ఏళ్లకు ఒకసారి అమలుచేసినా ఆ పేరు తగినదేనని రబ్బీ ఎలాజర్ బెన్ అజర్యా అభిప్రాయపడగా, తాము ఆ సభలో ఉండి ఉంటే ఎవరికీ ఎన్నడూ మరణశిక్ష పడనిచ్చేవారం కాదని రబ్బీలు తర్ఫోన్, అకీవా ప్రకటించారు. దానికి రబ్బన్ షిమోన్ బెన్ గమ్లియేల్, అటువంటివారు ఇశ్రాయేలులో హంతకుల సంఖ్యను పెంచుతారని బదులు చెప్పారు. దాదాపు పందొమ్మిది శతాబ్దాలు గడిచినా మరణశిక్ష మీద జరిగే ప్రతి చర్చలోనూ ఈ రెండు వాదాలే ఎదురెదురుగా నిలుస్తుండటం గమనార్హం. మిష్నా ఆ రెండింటినీ పక్కపక్కనే భద్రపరిచింది.

అయితే ఈ నియమాలన్నీ ఆచరణలో అలాగే నడిచాయని అనుకోవడం సరికాదు. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం నాశనం కావడానికి 40 ఏళ్ల ముందే యూదు న్యాయసభ మరణదండన విధించడం మానుకుందని తాల్ముద్ చెబుతుంది. కనుక మిష్నా కాలానికి ఇవి చాలావరకు ఆదర్శ న్యాయశాస్త్రం. మధ్యయుగ స్పెయిన్‌లో, తమ సమాజం గురించి పాలకులకు చాడీలు మోసి అపాయం తెచ్చిన ద్రోహులకు యూదు న్యాయసభలు రాజానుమతితో మరణశిక్ష వేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆధునిక ఇజ్రాయెల్ 1954లో హత్యానేరానికి మరణశిక్షను రద్దు చేసి, నాజీ నేరాల వంటి కొన్నింటికి మాత్రమే దానిని మిగిల్చింది. లక్షలాది యూదుల హననానికి ఏర్పాట్లు నడిపిన అడాల్ఫ్ ఐక్‌మన్‌ను 1962లో ఉరితీసినప్పుడు తత్త్వవేత్త మార్టిన్ బూబర్ వంటివారు దానిని వ్యతిరేకించడం, అంతటి దారుణం తర్వాత కూడా అకీవా వాదం సజీవంగా ఉందని చూపుతుంది.

సిలువ, ఖడ్గం

క్రైస్తవ మతం ఒక మరణశిక్ష నుంచి పుట్టింది. రోమా అధికారి తీర్పుతో సిలువ మీద మరణించిన యేసు, కొండమీది ప్రసంగంలో హత్యా నిషేధాన్ని హత్యకు మూలమైన కోపం వరకు విస్తరింపజేశాడు. వ్యభిచార నేరం మీద రాళ్లతో కొట్టి చంపబోయిన స్త్రీని విడిపించిన వృత్తాంతం యోహాను సువార్తలో ఉంది. మరోవైపు అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రికలో, ప్రభుత్వం చేతిలోని ఖడ్గం దుష్టులను శిక్షించడానికి దేవుడిచ్చినదే అన్నాడు. క్రైస్తవులు ఖడ్గం లేని అల్పసంఖ్యాకులుగా ఉన్నంతకాలం మొదటి బోధకే బలం ఎక్కువ. 4వ శతాబ్దం ఆరంభంలో లాక్టాంటియస్ అనే రచయిత, నీతిమంతుడు యుద్ధం చేయకూడదనీ, ఒకరికి మరణం కలిగించే ఆరోపణ కూడా చేయకూడదనీ వాదించాడు. అదే శతాబ్దంలో సామ్రాజ్యం క్రైస్తవమయ్యాక రెండవ బోధ ప్రధానమైంది. బిషప్ అగస్టీన్ (354–430) రాజ్యానికి శిక్షించే అధికారం ఉందని అంగీకరిస్తూనే, తన వర్గపు మతగురువును చంపినవారికి సైతం మరణశిక్ష వద్దని అధికారి మార్సెల్లినస్‌కు లేఖ రాశాడు. 13వ శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్, దేహాన్ని రక్షించడానికి కుళ్లిన అవయవాన్ని తొలగించినట్టు సమాజ రక్షణకు నేరస్థుడిని తొలగించవచ్చన్నాడు. ఈ వాదం నేరస్థులకే పరిమితం కాక, మతభేదం చూపినవారి మీదికీ మళ్లింది. సంస్కరణ యుగంలో ప్రొటెస్టెంట్లు కూడా దీనికి అతీతులు కారు: 1553లో మతసంస్కర్త కాల్విన్ ఉన్న జెనీవాలో, మతభేదం చూపిన మైకేల్ సెర్వేటస్‌ను సజీవ దహనం చేశారు. దానిని ఖండిస్తూ సెబాస్టియన్ కాస్టెలియో చేసిన రచనలు, విశ్వాసాన్ని కాపాడే పేరుతో మనిషిని చంపడం కేవలం హత్యేనని ప్రకటించాయి. మెన్నోనైట్లు, క్వేకర్లు వంటి శాంతివాద సంఘాలు హింసను పూర్తిగా త్యజించాయి.

కాథలిక్ చర్చిలో వచ్చిన మార్పు మరింత విస్తృతమైనది. పోప్ ఏలుబడిలోని రాజ్యంలో 1796 నుంచి 1864 వరకు పనిచేసిన తలారి బుగట్టి 516 మందికి మరణశిక్ష అమలుచేశాడు. వాటికన్ నగర రాజ్యం 1969లో తన చట్టం నుంచి మరణశిక్షను తొలగించింది; 1995లో పోప్ జాన్ పాల్ 2 ఆ శిక్ష అవసరమయ్యే సందర్భాలు దాదాపు లేవన్నారు; 2018లో పోప్ ఫ్రాన్సిస్, ఎంతటి నేరం చేసినవాడైనా మానవ గౌరవాన్ని కోల్పోడు కాబట్టి మరణశిక్ష అంగీకారయోగ్యం కాదని అధికారిక బోధనా గ్రంథాన్నే సవరించారు. అమెరికాలో మెథడిస్టులు 1956 నుంచే మరణశిక్షను వ్యతిరేకిస్తుండగా, సదరన్ బాప్టిస్టులు 2000లో దానిని సమర్థిస్తూ తీర్మానించారు.

గర్భస్థ శిశువు: ఒక వచనం, రెండు పాఠాలు

గర్భవిచ్ఛిత్తి విషయంలో రెండు మతాలూ వేరుపడిన చోటు నిర్గమకాండము 21వ అధ్యాయంలోని ఒక చిన్న శాసనం. ఇద్దరు పురుషులు కొట్లాడుకుంటుండగా గర్భిణికి దెబ్బ తగిలి గర్భం పోతే ఏమిటి శిక్ష? హీబ్రూ పాఠాన్ని రబ్బీలు అర్థం చేసుకున్న ప్రకారం, గర్భనష్టానికి జరిమానా చాలు, తల్లి మరణిస్తేనే ప్రాణానికి ప్రాణం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు ప్రారంభించిన గ్రీకు అనువాదం మాత్రం, తేడాను తల్లికీ శిశువుకూ మధ్య కాక, రూపం ఏర్పడని పిండానికీ రూపం ఏర్పడిన పిండానికీ మధ్య చూపింది. రూపం దాల్చిన పిండం విషయంలో ప్రాణానికి ప్రాణం ఇవ్వాలన్నది ఆ పాఠం. తొలి క్రైస్తవులు చదువుకున్నది ఈ గ్రీకు గ్రంథాన్నే.

మిష్నా ప్రకారం, ప్రసవం కష్టమై తల్లి ప్రాణాపాయంలో ఉంటే గర్భంలోని శిశువును ఛేదించి అయినా ఆమెను రక్షించాలి. శిశువులో ఎక్కువ భాగం బయటికి వచ్చాక మాత్రం ఒకరి కోసం మరొకరి ప్రాణాన్ని తీయరాదు. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ దీనికి కారణంగా, లోకంలోకి రానంతవరకు శిశువుకు పూర్ణ వ్యక్తిత్వం లేదన్నాడు. మైమోనిడీస్ వేరే దారి పట్టి, ఒకరిని చంపడానికి వెంటాడేవాడిని ఆపడానికి అతడిని చంపైనా సరే బాధితుడిని కాపాడాలన్న ఆత్మరక్షణ న్యాయాన్ని ఇక్కడ వర్తింపజేసి, తల్లికి ప్రాణాంతకమైన శిశువు వెంటాడేవాడి వంటిదన్నాడు. రాషీ కారణాన్ని అనుసరిస్తే మినహాయింపులు విస్తరిస్తాయి, మైమోనిడీస్ కారణాన్ని అనుసరిస్తే ప్రాణాపాయానికే పరిమితమవుతాయి. 20వ శతాబ్దంలో రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ గర్భవిచ్ఛిత్తిని హత్యతో పోల్చి తల్లి ప్రాణం కోసం మాత్రమే అనుమతించగా, రబ్బీ ఎలియేజర్ వాల్డెన్‌బెర్గ్ టే-శాక్స్ అనే ప్రాణాంతకమైన వంశపారంపర్య వ్యాధి ఉన్న పిండం విషయంలో ఏడవ నెల వరకు అనుమతించాడు. ఇద్దరూ ఆర్థొడాక్స్ వర్గానికి చెందినవారే. అయినా తల్లి ప్రాణాపాయంలో ఉన్నప్పుడు గర్భవిచ్ఛిత్తి అనుమతి మాత్రమే కాక విధి అన్న విషయంలో యూదు సంప్రదాయంలో భేదాభిప్రాయం లేదు.

శిశువులను పారవేయడం, గర్భాన్ని తొలగించడం సాధారణమైన రోమా లోకంలో, తొలి క్రైస్తవ బోధనా గ్రంథాల్లో ఒకటైన దిదాకే రెండింటినీ నిషేధించింది. అన్సైరాలో జరిగిన చర్చి సభ 314లో గర్భవిచ్ఛిత్తికి పదేళ్ల ప్రాయశ్చిత్తం విధించగా, తూర్పు సంఘానికి చెందిన బాసిల్ రూపం ఏర్పడిందా లేదా అన్న విచారణే అక్కరలేదన్నాడు. పశ్చిమాన మాత్రం పిండంలోకి ఆత్మ కొంతకాలానికి ప్రవేశిస్తుందన్న అరిస్టాటిల్ సిద్ధాంతం అక్వినాస్ ద్వారా స్థిరపడటంతో, తొలి దశలోని గర్భవిచ్ఛిత్తిని పాపంగా పరిగణించినా హత్యగా లెక్కించలేదు. పోప్ సిక్స్టస్ 5 1588లో ఈ భేదాన్ని తొలగించి కఠిన శిక్షలు విధిస్తే, మూడేళ్లకే గ్రెగరీ 14 వాటిని సడలించాడు. 1869లో పయస్ 9 భేదాన్ని మళ్లీ తొలగించాక, గర్భధారణ క్షణం నుంచి పూర్తి రక్షణ అన్నది కాథలిక్ చర్చి విధానమైంది. తల్లి ప్రాణం కోసమైనా శిశువును నేరుగా చంపడాన్ని అది ఒప్పుకోదు; క్యాన్సర్ సోకిన గర్భసంచిని తొలగించినప్పుడు శిశువు మరణించడం మాత్రం ఉద్దేశించని ఫలితం కాబట్టి దోషం కాదంటుంది. ఒకే క్రియకు ఉద్దేశించినది, ఉద్దేశించనిది అని రెండు ఫలితాలుంటాయన్న ఈ సూత్రానికి మూలం ఆత్మరక్షణ మీద అక్వినాస్ చేసిన వివేచన.

ప్రొటెస్టెంట్ల వైఖరి ఒకటి కాదు. 1971లో అత్యాచారం, పిండ వైకల్యం, తల్లి ఆరోగ్యం వంటి కారణాలకు గర్భవిచ్ఛిత్తిని సమ్మతించిన సదరన్ బాప్టిస్టులు, 1980 నాటికి తీవ్ర వ్యతిరేకులయ్యారు. మరణశిక్షనూ గర్భవిచ్ఛిత్తినీ యుద్ధాన్నీ కలిపి ఒకే ప్రాణరక్షణ నీతితో తూచాలని 1983లో షికాగో కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ చేసిన ప్రతిపాదన, అమెరికాలోని రెండు ప్రధాన రాజకీయ పక్షాలనూ ఇబ్బంది పెట్టింది.

సిద్ధాంతం చట్టమైనప్పుడు

ఇజ్రాయెల్ 1977 చట్టం ప్రకారం ఇద్దరు వైద్యులు, ఒక సామాజిక కార్యకర్త ఉన్న సంఘం అనుమతితో గర్భవిచ్ఛిత్తి జరుగుతుంది. ఐర్లండ్ 1983లో గర్భస్థ శిశువుకు తల్లితో సమానమైన జీవనహక్కు కల్పిస్తూ రాజ్యాంగాన్ని సవరించింది. 2012లో గాల్వే నగరంలో, గర్భస్రావం తప్పదని తెలిసిన తర్వాత కూడా శిశువు గుండె కొట్టుకుంటున్నదన్న కారణంతో గర్భవిచ్ఛిత్తి నిరాకరించగా, భారతదేశంలో పుట్టిన ఒక యువ దంతవైద్యురాలు రక్తానికి సోకిన ఇన్ఫెక్షన్‌తో మరణించింది. 2018లో 66.4 శాతం ఓటర్లు ఆ సవరణను రద్దు చేశారు. అమెరికా సుప్రీంకోర్టు 2022లో గర్భవిచ్ఛిత్తికి రాజ్యాంగ రక్షణ తొలగించిన నెలలోనే, ఫ్లోరిడాలోని ఒక యూదు ప్రార్థనా సమాజం 15 వారాలు దాటిన గర్భవిచ్ఛిత్తిపై ఆ రాష్ట్రం విధించిన నిషేధం తమ మతధర్మాన్ని పాటించే స్వేచ్ఛకు భంగమని కోర్టుకెక్కింది. ఒక మతం పాపమన్నది మరో మతానికి విధి కావచ్చునన్న సత్యాన్ని ఆ వ్యాజ్యం స్పష్టం చేసింది.

న్యాయబద్ధమైన రక్తపాతానికి కూడా ఈ సంప్రదాయాలు పూర్తి నిర్దోషిత్వాన్ని ప్రకటించలేదు. యుద్ధాల్లో ఎంతో రక్తం చిందించినందుకు దావీదుకు దేవాలయం కట్టే అర్హత దక్కలేదని దినవృత్తాంతములు చెబుతుంది. యుద్ధంలో శత్రువును చంపిన సైనికులు మూడేళ్లు ప్రభురాత్రి భోజన సంస్కారానికి దూరంగా ఉండటం మంచిదని బాసిల్ సూచించాడు. సాక్షిని హెచ్చరించిన మిష్నా, ప్రాణాలతో ఉన్న తల్లిని ముందుగా చూసిన రబ్బీలు, తన శత్రువుల కోసం లేఖ రాసిన అగస్టీన్, కాల్చి చంపడాన్ని హత్య అని పిలిచిన కాస్టెలియో వేర్వేరు సిద్ధాంతాలవారే అయినా, ప్రాణం తీయాలనేవాడే కారణం చూపాలి తప్ప ప్రాణం నిలపాలనేవాడు కాదన్న ఒక్క నియమాన్ని విడువలేదు. గ్రంథవాక్యాన్ని చూపి ఉరిని గాని, నిషేధాన్ని గాని కోరేవారు మోయవలసిన బాధ్యత కూడా ఇదే: తమ మాట వల్ల ఎవరి ప్రాణం పోవచ్చునో ముందుగా తెలుసుకుని, ఆ మనిషిలోనూ దైవ స్వరూపం ఉందని ఒప్పుకున్న తర్వాతే నోరు విప్పాలి.