దొరికిన చోటే అసలు సంగతి

1986 జనవరిలో ఒక రాత్రి. కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గరి చిట్టడవిలో ఐతన్న అనే వేటగాడి టార్చిలైటు వెలుగులో ఒక పిట్ట పడింది. పెద్ద కళ్లు, గొంతు కింద ఇటుకరంగు మచ్చ, ఎద మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, పసుపు ముక్కుకు నల్లటి కొస. ఐతన్న దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చాడు. 1900 తర్వాత ఆ పిట్టను చూశామన్న నమ్మదగిన కబురు అప్పటిదాకా ఎక్కడా లేదు. పక్షిశాస్త్రం తెలిసిన వాళ్లంతా అది అంతరించిపోయిందనే లెక్కలో ఉన్నారు.

దాని పేరు కలివికోడి. పంతొమ్మిదో శతాబ్దం నడిమిలో టి.సి.జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అందుకే బయటి ప్రపంచం దాన్ని జెర్డన్ పేరుతోనే పిలుస్తుంది. ఎనభయ్యో దశకంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు కడప ప్రాంతానికి వచ్చి, పిట్ట బొమ్మ చూపించి పల్లెల్లో వాకబు చేశాడు. రాత్రిపూట అడవిలో తిరిగే అలవాటున్న వాళ్లను వెతికి మరీ అడిగాడు. ఎనభయ్యారేళ్లుగా దొరకని జవాబు ఐతన్న చేతుల్లో దొరికింది. పట్టుకున్న ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కానీ జాతి బతికే ఉందని తేలిపోయింది. అప్పటికి బాగా వయసు మీద పడిన పక్షిశాస్త్రవేత్త సలీం అలీ కబురందగానే బయల్దేరి వచ్చారు. మూడేళ్లు తిరక్కుండానే కలివికోడి బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. ఆ అడవి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమైంది.

ఈ కథలో ఐతన్న పాత్ర గురించి నాకు పట్టుదల ఉంది. పిట్టను పట్టడం ఒక ఎత్తు, పట్టిన సంగతి అడిగినవాళ్లకు చెప్పడం మరో ఎత్తు. కూర వండుకుని తినేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఎక్కడ, ఏ పొదల పక్కన, ఏ వేళప్పుడు కనిపించిందో అతను చూపించాడు. ఆ చోటు తెలియడం వల్లే ఆ తర్వాతి పరిశోధన అంతా సాగింది. రాత్రిపూట మాత్రమే తిరిగే ఈ సిగ్గరి పిట్టను కళ్లతో చూడటం చాలా కష్టం. కాబట్టి పరిశోధకులు పొదల నడుమ సన్నటి మట్టిని దారుల్లా పరిచి, తెల్లవారాక దానిమీద పడిన అడుగుల గుర్తులు వెతికారు. అలా మట్టిలో పడిన కాలిముద్రలను బట్టి అది ఎలాంటి పొదల మధ్య మసలుతుందో, పొదలు ఎంత ఎడంగా ఉంటే దానికి అనుకూలమో లెక్క కట్టారు. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చేసినప్పుడు ఆ లెక్కలే అడ్డం నిలిచి, కాలువ దారి మార్పించాయి.

ఇంకో వింత కూడా చెప్పుకోవాలి. కలివికోడి గుడ్డు ఎలా ఉంటుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. 2013లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్డు అది. మ్యూజియంలో భద్రపరిచిన పాత కలివికోడి నమూనాతో డీఎన్‌ఏ పోల్చి చూసి, ఈ జాతిదేనని నిర్ధారించారు. దాదాపు నూరేళ్లు ఎవరి కంటా పడకుండా ఉన్న ఆ గుడ్డుకు ఫలానా చోట, ఫలానా ఏడు దొరికిందన్న వివరం తోడుగా ఉంది కనుకే అది సాక్ష్యంగా నిలబడింది. 2009 తర్వాత ఏళ్ల తరబడి పిట్ట మళ్లీ కనుమరుగైపోయింది. ఇలాంటి జీవుల విషయంలో ఊరివాళ్ల కళ్లకు మించిన సాధనం లేదని నా నమ్మకం.

వజ్రాల నేలలో రాతి మాట

కర్నూలు జిల్లాలో తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చుట్టుపక్కల పొలాల్లోకి జనం దిగుతారు. పక్క జిల్లాల నుంచీ వస్తారు. సద్దిమూటలు కట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని, దుక్కి చేసిన నేలమీద కళ్లు దించి నడుస్తారు. వాన కడిగిన మట్టిలో మెరిసే రాయి దొరికితే ఏడాది కష్టం తీరుతుందన్న ఆశ. ఒక్కోసారి నిజంగానే దొరుకుతుంది. దొరికిన మరుక్షణం వ్యాపారులు వాలిపోతారు, బేరం గుట్టుగా సాగుతుంది. ఏ చెలకలో, ఎంత లోతున, ఎలాంటి మట్టిలో దొరికిందన్నది చాలాసార్లు ఎవరూ రాసి పెట్టరు. పేదవాడి అవసరాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ వివరాలన్నీ ఏళ్ల తరబడి ఒకచోట చేరి ఉంటే, ఆ వజ్రాలు ఏ కొండల నుంచి కొట్టుకొచ్చాయో చెప్పడానికి ఎంత ఆధారం దొరికేదో!

అదే తుగ్గలి మండలంలో ఎర్రగుడి గుట్టమీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిని 1929లో లోకానికి తెలిపినవాడు ఖనిజాల కోసం తిరుగుతున్న అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. రాళ్లలో ఖనిజం వెతుకుతూ అక్షరాలు చూశాడు. ఇక్కడి చిన్న శాసనంలో ఒక విచిత్రముంది. బ్రాహ్మి లిపిలో మామూలుగా ఎడమ నుంచి కుడికి రాస్తారు కదా, ఇందులో కొన్ని వరసలు కుడి నుంచి ఎడమకు సాగుతాయి. ఒక వరస ఇటు, మరో వరస అటు, దుక్కి దున్నే ఎద్దు చాలు చివర మళ్లినట్టు. చెక్కినవాడు ఎందుకలా చేశాడన్నది పండితులు ఇప్పటికీ వాదించుకునే సంగతి. వజ్రాల కోసం వచ్చేవాళ్లు ఆ గుట్ట ఎక్కి, రెండువేల రెండువందల ఏళ్లకు పైబడిన ఆ గీతల్ని కూడా ఒకసారి చూసి వెళ్లాలని నా కోరిక.

అక్కడి నుంచి తూర్పుగా వెళితే, ఇప్పటి నంద్యాల జిల్లాలో జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం ఉంది. ఆ ఊరి దగ్గర తెల్లటి మెత్తని మట్టిని తవ్వి తీసి అమ్మేవాళ్లు. బట్టల సబ్బుపొడిలో కలపడానికి పోయేది. అది మట్టి కాదని, బూడిదని తేలింది. సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలై ఆకాశానికి ఎగజిమ్మిన బూడిద సముద్రం దాటి వచ్చి ఈ లోయలో పడింది. రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వి చూస్తే బూడిద పొర కిందా రాతి పనిముట్లు, పైనా రాతి పనిముట్లు. అంటే అంతటి ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు నిలిచారని ఆ బృందం 2007లో చాటింది. ఆ పనిముట్లు చేసింది మనబోటి మనుషులేనా, అంతకుముందరి జాతివాళ్లా అన్నదాని మీద వాదం తెగలేదు. అది తెగాలంటే పొర చెదరకుండా ఉండాలి. తవ్వి బస్తాలకెత్తిన బూడిదతోపాటు అందులోని సాక్ష్యమూ పోతుంది.

గోదారి ఒడ్డు ఎముకలు, నాణేలు

ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర డెబ్బయ్యో దశకం చివర్లో రాతిగా మారిన డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి.యాదగిరి వాటిని పరిశీలించి, 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఊరి పేరు శాశ్వతంగా శాస్త్రంలోకి ఎక్కింది. మొత్తం 840 ఎముక భాగాలు, కనీసం పన్నెండు జంతువులవి. తల మాత్రం దొరకలేదు. పన్నెండు జంతువులు ఒకేచోట చనిపోయాయంటే వరదో, మరేదో ఉపద్రవమో గుంపు మొత్తాన్ని ముంచిందనుకోవాలి. ఈ ఊహకు బలం ఎముకల ఆకారంలో కంటే అవి పడి ఉన్న తీరులో ఎక్కువుంది. అన్నీ కలిపి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు దాని పొడవు చూసి వచ్చేస్తుంటారు. ఇది మన గోదావరి గట్టుదని చెబితే వాళ్ల కళ్లు మరింత పెద్దవవుతాయి.

అదే గోదావరి పెద్దవాగును కలుపుకునే చోట, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో కోటిలింగాల ఉంది. వానలకు మట్టి కోసుకుపోయినప్పుడల్లా అక్కడ నాణేలు బయటపడేవి. స్థానికులు ఏరి దాచినవి పండితుల చేతికి చేరాయి. పి.వి.పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి ప్రచురించారు. వాటిలో శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి నాణేలున్నాయి. అంతకుముందు పాలించిన గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప వంటి రాజుల పేర్లూ ఉన్నాయి. అంతవరకు రాతల్లో పేరుగానే తెలిసిన సిముకుడు చేతిలో పట్టుకోగల రాగి, సీసపు బిళ్ల మీద కనిపించాడు. శాతవాహనుల ఆరంభం ఎక్కడన్న చర్చలోకి తెలంగాణ గట్టిగా వచ్చింది కూడా ఆ నాణేలతోనే. అవే నాణేలు ఏ పట్నంలోనో పాత సామాన్ల దుకాణంలో కనిపించి ఉంటే, అవి ఎక్కడివో ఎవరు చెప్పగలిగేవారు?

కావలి సోదరుల పని

దొరికిన సంగతిని దొరికిన చోటుతో సహా రాసి పెట్టడం మనకు కొత్తేమీ కాదు. 1800 ప్రాంతంలో కాలిన్ మెకంజీ దక్షిణదేశమంతా సర్వే చేస్తున్నప్పుడు ఆయన వెంట ఏలూరు వైపు నుంచి వచ్చిన కావలి సోదరులున్నారు. వాళ్లలో బొర్రయ్య హళెగన్నడ లిపి చదవడంలో ఆరితేరాడు. 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఆ పని తమ్ముడు లక్ష్మయ్య కొనసాగించాడు. ఊరూరా కరణాల్ని, పూజారుల్ని, వయసు మళ్లినవాళ్లను కూర్చోబెట్టి గుడి ఎప్పటిది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ రాయి మీద ఏముంది, ఊళ్లో ఏ చెట్లు పెరుగుతాయి అని అడిగి రాయించారు. అవే కైఫీయతులు. శాసనం పక్కన పుకారు, పుకారు పక్కన పన్ను లెక్క. ఏది నిజమో తర్వాతివాళ్లు తేల్చుకుంటారు, ముందు విన్నది విన్నట్టు ఎక్కించారు. ఇప్పటికీ ఊళ్ల చరిత్ర రాసేవాళ్లు మొదట తెరిచేది వాటినే.

అదే మెకంజీ అమరావతి వెళ్లిన కథ మనసు కలచివేస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నాడు. కట్టడాలకు రాళ్ల కోసం దీపాలదిన్నె అనే బౌద్ధ స్తూపం దిబ్బను తవ్వుతుంటే పాలరాళ్లలాంటి చెక్కుడు ఫలకాలు బయటపడ్డాయి. మెకంజీ మొదటిసారి చూసి వెళ్లి, 1816లో తీరిగ్గా తిరిగొచ్చేసరికి దిబ్బ నడుమ కోనేరు తవ్వేశారు. ఫలకాలు కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని సున్నానికి కాలిపోయాయి. ఆయన బృందం మిగిలినవాటికి వేసిన బొమ్మలే చాలా ఫలకాలకు ఈ రోజు ఆధారం. బొమ్మ ఉంది, రాయి లేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో లండన్ ఓడ ఎక్కాయి. అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఏ ఫలకం స్తూపానికి ఏ వైపుదో తేల్చడానికి పండితులు దశాబ్దాలు తంటాలు పడ్డారు. తవ్వినప్పుడు నాలుగు ముక్కలు రాసి ఉంటే ఆ తంటా సగం తప్పేది.

మీకు దొరికితే

సరిగా తీస్తే ఏం తెలుస్తుందో చూడాలంటే సూర్యాపేట జిల్లా ఫణిగిరి ఉంది. 2024 మార్చిలో అక్కడ పురావస్తు శాఖ తవ్వకాల్లో రెండడుగుల లోతున ఒక మట్టికుండ బయటపడింది. మూతి మీద బయటి నుంచి పళ్లెంలాంటి కుండపెంకు బోర్లించి ఉంది, లోపల పగిలిన గిన్నె అడుగు మూతగా పెట్టి ఉంది. అందులో 3,730 సీసపు నాణేలు, ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలానివని గుర్తించారు. ఎవరో జాగ్రత్తగా రెండు మూతలు పెట్టి బౌద్ధ విహారం దగ్గర దాచుకున్న సొమ్మది. అదే కుండ ఉపాధి హామీ పనుల్లో పలుగు దెబ్బకు పగిలి ఉంటే నాణేలు పంచుకునేవారు, పెంకులు గట్టుమీదకు విసిరేసేవారు. ఆ మూతల సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

నాగలికో, పునాదికో, చెరువు పూడికతీతకో ఏదైనా తగిలితే మొదట పని ఆపండి. కడగొద్దు, తోమొద్దు, గీకి చూడొద్దు. ఉన్నది ఉన్నట్టు ఫోనులో ఫొటో తీయండి. దగ్గర నుంచి ఒకటి, చుట్టూ పొలం, చెట్టు, గట్టు కనిపించేలా దూరం నుంచి ఒకటి. ఊరు, సర్వే నంబరు, లోతు, తేదీ రాసుకోండి. ఫొటో పదిమందికి పంపేటప్పుడు ఈ నాలుగు వివరాలూ దానితోనే పంపండి. చోటు పేరు లేని ఫొటో ఎన్ని ఊళ్లు తిరిగినా ఎవరికీ అక్కరకు రాదు. ఆ తర్వాత తహసీల్దారుకో, కలెక్టరుకో, పురావస్తు శాఖకో చెప్పండి.

చెబితే అన్నీ లాక్కుపోతారన్న భయం చాలామందిలో ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయలకు మించిన విలువున్నది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలంటుంది. హక్కుదారులు ఎవరూ తేలకపోతే, నేల యజమాని వేరే ఉండి ఇద్దరి మధ్యా ఒప్పందం లేనప్పుడు నాలుగింట మూడు వంతులు దొరికించుకున్నవాడికే ఇస్తుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితే మాత్రం ఆ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. చెప్పినవాడిని గౌరవించే పద్ధతి అధికారుల్లోనూ రావాలి. కబురిచ్చిన రైతును రోజుల తరబడి స్టేషను చుట్టూ తిప్పితే పక్క ఊరివాడు నోరు విప్పడు. మీరు కబురు చెప్పిన రోజున రసీదు తీసుకోండి, మ్యూజియంలో ఆ వస్తువు పక్కన పెట్టే చీటీ మీద మీ ఊరి పేరుతోపాటు మీ పేరూ రాయమని అడగండి.