బుడగ ఆగితే పులియడం ఆగినట్టేనా?

ద్రాక్షరసం పులియబెట్టేవాళ్ళనూ బీరు తయారుచేసేవాళ్ళనూ వదలని ప్రశ్న ఒకటుంది: బుడగలు ఆగిపోయాయి, ఇక సీసాల్లో పోసి బిరడా బిగించెయ్యొచ్చా? 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన బెంగళూరు బ్లూ ద్రాక్ష పండే చిక్కబళ్ళాపురం సీమలో ఈ ప్రశ్న మరీ సహజం. కూడదన్నదే నా జవాబు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ కార్బన్ డయాక్సైడునూ వదులుతుందని బడిలో చదివిందే. కానీ బుడగను సాక్షిగా నమ్మకూడదు. మూత సందులోంచి వాయువు పోతుంటే, జోరుగా పులుస్తున్నా మూతకు అమర్చిన గొట్టంలో బుడగ కనబడదు. పులియడం ముగిసినా, ఎండ ఎక్కేసరికి రసంలో కరిగి ఉన్న వాయువు బుడగలై లేస్తుంది. తెలుసుకోవలసింది చక్కెర సంగతి, కొలవవలసిందీ దాన్నే.

కొలిచే పరికరం ఆ సీమలోని బాగేపల్లి, చింతామణి పల్లెల్లో పాడి ఉన్న ఇళ్ళకు కొత్తేమీ కాదు. డెయిరీలో పాలలో వేసే లాక్టోమీటరుకు హైడ్రోమీటరు తోబుట్టువు. అడుగున బరువున్న గాజుబుడ్డి, పైన అంకెలు వేసిన సన్నని కాడ. ద్రవం బరువైతే కాడ పైకి తేలుతుంది, తేలికైతే మునుగుతుంది. నీళ్ళలో 1.000 చూపించే కాడ, నూటికి 17 పాళ్ళు చక్కెర ఉన్న రసంలో సుమారు 1.070 చూపిస్తుంది. చక్కెరంతా అయిపోతే మళ్ళీ 1.000 దగ్గర ఆగాలి కదా? ఆగదు, 0.995 దాకా మునుగుతుంది! నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఇదే. ఆల్కహాలు సాంద్రత 0.789 మాత్రమే. అంటే చక్కెర తగ్గి ఒకవైపు, ఆల్కహాలు పెరిగి మరోవైపు, రెండు కారణాలు ఒకే కాడను కిందికి లాగుతున్నాయి. పాలలోనూ ఇలాంటి చిక్కే ఉంది: వెన్న తీస్తే పాలు బరువెక్కుతాయి, నీళ్ళు పోస్తే తేలికవుతాయి, రెండూ చేసినవాడి పాలు లాక్టోమీటరుకు మంచి పాలే. పులియడంలో ఈ ముడి విప్పినవాడు ప్రాగ్ నగరపు రసాయన శాస్త్రవేత్త కార్ల్ బాలింగ్. 1840లలో ఆయన కట్టిన లెక్క ఇది: 2.0665 గ్రాముల సారం (రసంలో కరిగి ఉన్న చక్కెర వగైరా) పులిస్తే 1 గ్రాము ఆల్కహాలు, 0.9565 గ్రాము కార్బన్ డయాక్సైడు, 0.11 గ్రాము కొత్త ఈస్ట్. కూడి చూడండి, సరిగ్గా సరిపోతుంది. కాడ చూపే తగ్గుదలలో నిజంగా తగ్గిన సారం అయిదింట నాలుగు వంతులే. బాలింగ్ లెక్కలో ఈస్ట్‌కూ వాటా ఉండటం గమనించాలి. ఈస్ట్‌కు ప్రాణం ఉందన్నవాళ్ళను వెక్కిరిస్తూ 1839లో వ్యాసం వేయించినవాళ్ళలో అంతటి రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ఉన్నాడు. ఆయన పొరబడ్డాడని తర్వాత పాస్తర్ తేల్చాడు.

మూడు రోజులు అంకె కదలకపోతే చాలదా అని అడగొచ్చు. చాలదు. నంది కొండ చుట్టుపక్కల డిసెంబరు రాత్రుల చలికి ఈస్ట్ మందగించి, అంకె 1.020 దగ్గర నిలిచిపోవచ్చు. మార్చి ఎండకు అదే ఈస్ట్ మేలుకుంటుంది, అప్పటికి బిరడా బిగిసి ఉంటుంది. లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే మూసిన సీసాలో సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. షాంపేన్‌కు కావాలని కలిపేది లీటరుకు 24 గ్రాములు. ఆ ఆరు వాతావరణాలకే దాని సీసా అంత మందం. 1.020 దగ్గర నిలిచిన రసంలో ఇంకా సుమారు 50 గ్రాములు ఉంటాయి! అందుకే ద్రాక్షకు రెండు షరతులూ కావాలి: అంకె కదలకూడదు, 1.000 కన్నా కిందా ఉండాలి. బీరుకు ఈ రెండోది పనికిరాదు. బార్లీ మాల్టులో ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్‌లు మిగులుతాయి, అది 1.010 దగ్గరే ముగిసిపోవచ్చు. కొంచెం రసం విడిగా తీసి, ఈస్ట్ ఎక్కువ వేసి వెచ్చగా ఉంచితే దాని గమ్యం ఏ అంకో ముందే తెలుస్తుంది.

లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 కింద నేరం. లైసెన్సు ఉన్న వైనరీవాళ్ళకైనా నేను చెప్పేది ఒకటే: బుడగలను చూసి బిరడా బిగించకండి, రోజూ ఒకే వేళకు కాడ మీది అంకె రాసుకోండి.