ఆట మరిచిపోయిన తాతయ్యకు హుషారు ఎలా మిగిలింది?

మీతో క్యారమ్స్ ఆడిన తాతయ్య కాసేపటికే "ఆటా? ఎప్పుడు ఆడాం?" అంటారు. మొహంలో హుషారు మాత్రం అలాగే ఉంటుంది. ఎలా?

జరిగిన సంగతులను మెదడులో పదిలం చేసే భాగం హిప్పోక్యాంపస్. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు మొదట్లోనే దాన్ని దెబ్బతీస్తుంది. సంతోషం, దిగులు, భయం కలగడంలో బాదంగింజ ఆకారపు అమిగ్డాలా లాంటి వేరే భాగాలకూ పాత్ర ఉంది. అందుకే సంగతి జారిపోయినా, ఇంగువ కట్టిన గుడ్డకు వాసనలా, అనుభూతి కొంతసేపు అంటిపెట్టుకుంటుంది.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 17 మంది అల్జీమర్స్ రోగులకు నవ్వించే, ఏడిపించే సినిమా ముక్కలు చూపించారు. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. కథ పెద్దగా గుర్తులేకపోయినా దిగులు పోలేదు. వింతేమిటంటే, కథ తక్కువ గుర్తున్నవాళ్లలోనే దిగులు ఎక్కువసేపు ఉంది! పాపం, ఎందుకు దిగులో తెలియకపోతే మనసుకు ఏమని సర్దిచెప్పుకుంటారు?