కొత్తదని కూల్చిన పాత చర్చి

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, విలియమ్స్‌బర్గ్ పట్టణపు నాసో వీధిలో 1856లో ఇటుకలతో కట్టిన బాప్టిస్టు చర్చి దాదాపు నూరేళ్లు నిలిచి, 1955లో నేలమట్టమైంది. దానిని కూల్చినవారు పాత కట్టడాలను కాపాడడానికే ఏర్పడిన సంస్థవారు కావడం ఈ చరిత్రలోని పెద్ద విచిత్రం.

బ్రిటిషు వలస పాలనలో వర్జీనియాకు రాజధానిగా ఉండి, 1780లో ఆ హోదా పోయాక మరుగునపడిన ఈ పట్టణాన్ని తిరిగి 18వ శతాబ్దపు రూపంలో నిలబెట్టాలని గుడ్విన్ అనే మతాచార్యుడు సంకల్పించగా, చమురు వ్యాపారంతో కోటీశ్వరులైన కుటుంబానికి చెందిన జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ధనసహాయంతో 1926లో ఆ పని మొదలైంది. ఆ పథకాన్ని నడిపిన సంస్థే కలోనియల్ విలియమ్స్‌బర్గ్. అమెరికా స్వతంత్రం ప్రకటించుకున్న నాటికి ఉన్న కట్టడాలను మరమ్మతు చేయడం, పడిపోయినవాటిని మళ్లీ కట్టడం, ఆ తరువాతి కాలంలో లేచినవాటిని తొలగించడం దాని పద్ధతి. ఈ కొలతకు 1856 నాటి చర్చి కొత్త కట్టడమైంది.

కట్టడం కొత్తదే గాని, అందులో ఆరాధించిన సంఘం కొత్తది కాదు. పసిపిల్లలకు కాక, విశ్వసించి ముందుకొచ్చిన వారికే, అదీ నీటిలో పూర్తిగా ముంచి బాప్తిస్మమివ్వడం బాప్టిస్టుల ఆచారం. 1878లో ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఉదంతం వల్ల తెలుగు క్రైస్తవులకు ఈ శాఖ చిరపరిచితం. విలియమ్స్‌బర్గ్‌లో ఈ సంఘాన్ని 1776లో స్థాపించినవారు నల్లజాతి బానిసలూ, స్వేచ్ఛ పొందిన నల్లవారూ అని సంఘ సంప్రదాయం చెబుతుంది. ఆనాటి పట్టణ జనాభాలో సగానికి పైగా నల్లవారే అయినా వారు గుమిగూడడంపై నిషేధం ఉండడంతో, ఊరి వెలుపల అడవిలో కొమ్మలతో వేసుకున్న పందిళ్ల కింద, మొదట మోసెస్ అనే బోధకుడి దగ్గర, ఆ తరువాత గోవన్ పాంఫ్లెట్ దగ్గర వాక్యం వినేవారు. పాంఫ్లెట్ ఒక పూటకూళ్ల ఇంటి యజమానురాలి బానిస. బానిసగా ఉంటూనే వందలాది మందికి సంఘకాపరి అయ్యాడు. 1793లో ఆయనకు స్వేచ్ఛ లభించింది, ఆ ఏడాదే డోవర్ బాప్టిస్టు సంఘాల సమాఖ్య ఈ సంఘాన్ని తనలో చేర్చుకుంది. తరువాత జెస్సీ కోల్ అనే తెల్లజాతి వర్తకుడు నాసో వీధిలో చోటివ్వగా, అక్కడ బాప్టిస్టు సమావేశ మందిరం ఉన్నట్లు 1818 నాటి పన్ను పత్రాల్లో నమోదైంది. 1834లో సుడిగాలికి అది కూలిపోయాక లేచినదే ఇటుకల చర్చి.

ఆ చర్చి స్థలాన్ని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ సంస్థ డబ్బిచ్చే కొన్నది, సంఘం 1956లో స్కాట్లాండ్ వీధిలోని కొత్త చర్చికి మారింది. అయితే నల్లవారి పిల్లలకు వేరే బడులుండిన ఆనాటి వర్జీనియాలో ఈ బేరం సమానుల మధ్య జరిగిందని నమ్మడం కష్టం. అంతకన్నా పెద్ద తప్పు ఆ తరువాతిది. 1957లో అక్కడ జరిపిన తవ్వకాల్లో పునాదులు కనిపించినా వాటిని పూడ్చివేసి, 1965 నాటికి పైన వాహనాలు నిలిపే చదును నేల పరిచారు.

సంఘ వారసుల పట్టుదలతో 2020 సెప్టెంబరులో మళ్లీ తవ్వకాలు మొదలైనప్పుడు, 1856 నాటి పునాదితోపాటు అంతకు ముందటి మరొక పునాది, 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవుతో బయటపడింది. దానికి ఆనుకుని పరిచిన ఇటుకల కింద 1817 ముద్ర ఉన్న నాణెం దొరికింది. నాణెం మీద ఇటుకలు పరిచిన పని నాణెం కన్నా పాతది కాజాలదు. కాబట్టి ఆ ఇటుకలు 1817లో గాని, ఆ తరువాత గాని పరచినవని తేలి, పన్ను పత్రంతో సరిపోయే సాక్ష్యం భూమిలోంచే లభించింది. చుట్టూ 60కి పైగా సమాధులు కనిపించాయి. వాటిలో ఒకదానికి గుర్తుగా తలకిందులుగా పాతిన ఖాళీ ద్రాక్షసారా సీసా తప్ప పేరు చెక్కిన రాయి ఒక్కటీ లేదు. సంఘం అనుమతితో మూడు సమాధుల్లోని ఎముకలను పరీక్షించగా, వారు ఆఫ్రికా సంతతివారేనని 2023లో నిర్ధారణ అయింది. పట్టణపు 18వ శతాబ్దాన్ని చూపడానికని తొలగించిన కట్టడం ఉన్న చోటే, ఆ శతాబ్దంలో మొలిచిన సంఘపు తొలి మందిరం పునాదీ, ఆ సంఘీయుల ఎముకలూ ఉన్నాయన్నమాట.

ఆ తొలి మందిరాన్ని తిరిగి కట్టడానికి అదే సంస్థ పూనుకుంది. సంఘపు గొంతు అంతకు ముందే మళ్లీ వినిపించింది: 1886లో సంఘం తన చర్చికి సంపాదించుకున్న గంట దశాబ్దాలపాటు మూగగా ఉండి, మరమ్మతు తరువాత 2016లో వాషింగ్టన్‌కు ప్రయాణించింది; ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర జాతీయ మ్యూజియం ప్రారంభ సభలో, అధ్యక్షుడు ఒబామా పక్కన నిలిచి, బానిసగా పుట్టిన వ్యక్తి కుమార్తె అయిన 99 ఏళ్ల వృద్ధురాలు దానిని మోగించింది.