వైడూర్యంలో కదలే వెలుగురేఖ

గత కార్తిక మాసంలో కాకినాడ నుండి వచ్చిన దంపతులు అమ్మవారికి సమర్పించదలచిన వైడూర్య పతకాన్ని నాకు చూపించారు. "కొన్నచోట రాతి నడుమ తెల్లని గీత స్పష్టంగా కనబడింది శాస్త్రిగారూ! ఇక్కడ చూస్తే మసకగా ఉన్నది. మోసపోయామేమో" అని ఆ గృహస్థు కలతపడ్డారు. కార్యాలయంలో నలువైపులా ట్యూబులైట్లు వెలుగుతున్నవి. వారిని చీకటిగా ఉన్న మండపం మూలకు తీసుకొనిపోయి, ఒక్క నూనెదీపం ఎదుట పతకాన్ని పట్టుకొమ్మన్నాను. గీత మరల ప్రత్యక్షమైనది. పతకాన్ని ఇటూ అటూ త్రిప్పినకొద్దీ అది పిల్లి కంటిపాపవలె కదలసాగినది.

ఈ రేఖ రాతిపై గీసినది కాదు, రాతిలో చారగా ఉన్నదీ కాదు. నేడు మనం వైడూర్యమనే మణి క్రిసోబెరిల్ అనే ఖనిజజాతికి చెందినది. దానిలో కంటికి విడివిడిగా కనబడనంత సన్నని సూదులో, బోలు నాళికలో అసంఖ్యాకంగా ఒకే దిశలో బారులు తీరి ఉంటాయి. పట్టుదారం చుట్టిన కండెను దీపం ముందు పట్టి చూడండి. దారాలు కండెకు అడ్డంగా ఉంటాయి. మెరుపు మాత్రం వాటిని ఖండిస్తూ నిలువునా ఒక్క గీతగా సాగుతుంది. వైడూర్యంలో జరిగేదీ ఇదే.

అయితే సూదులుంటే చాలదు. రాతి అడుగుభాగం ఆ సూదుల బారుకు సమాంతరంగా ఉండాలి, పైభాగాన్ని గుమ్మటంలా సానపట్టాలి. అదే రాతిని వజ్రంవలె పలకలుగా కోస్తే రేఖ కనబడదు. వెలుగు కూడా ఒక్కచోటినుండే రావాలి. అనేక దీపాలుంటే ఒక్కొక్కటీ ఒక్కొక్క రేఖను పుట్టిస్తుంది. అవన్నీ కలిసి మసకబారుతాయి. కార్యాలయంలో జరిగినది అదే.

పాణిని వైడూర్య శబ్దాన్ని 'విదూర' శబ్దం నుండి సాధించాడు. దానిపై మహాభాష్యంలో ఒక ఆక్షేపమున్నది: ఆ మణి పుట్టేది వాలవాయ పర్వతంలో, విదూరంలో జరిగేది సంస్కారం మాత్రమే కదా అని. ప్రాచీనులు ఈ పేరును ఇతర మణులకూ వాడినారని పరిశోధకుల మాట. ఏమైననూ, పుట్టిన చోటు పేరు కాక సానపట్టిన చోటు పేరు మణికి నిలిచిందన్న ఆ చర్చ ఈ రాతికి ఎంతయో తగినది. సంస్కారం లేనిదే దీని వెలుగు బయటపడదు.

రసరత్నసముచ్చయం గ్రాసం, త్రాసం, బిందువు, రేఖ, జలగర్భత అనే ఐదింటిని సర్వరత్నాలకూ సాధారణ దోషాలుగా చెప్పినది. ఆ గ్రంథమే, లోపల తెల్లని ఉత్తరీయం కదలాడుతున్నట్లుండే వైడూర్యాన్ని శుభమని మెచ్చుకొన్నది. వేరొక మణిలో స్వచ్ఛతను చెరిపే పదార్థమే ఇక్కడ శోభకు కారణమైనది. కొన్ని కెంపులలో, నీలాలలో ఇట్టి సూదులు మూడు దిశలలో అమరి ఆరు కిరణాల నక్షత్రాన్ని చూపుతాయి. శ్రీలంకలో లభించి నేడు న్యూయార్క్ ప్రదర్శనశాలలో ఉన్న 563 క్యారెట్ల 'స్టార్ ఆఫ్ ఇండియా' అట్టి నీలమే. వైడూర్యాలు శ్రీలంకలోనే కాక కేరళలోను, మన నర్సీపట్నం ప్రాంతపు తూర్పు కనుమలలోను దొరుకుతాయి.

దాతలకు ఒక మనవి. రేఖ మసకబారినంత మాత్రాన రాయి నకిలీ కాదు. రేఖ మెరిసినంత మాత్రాన అసలైనదీ కాదు. సన్నని గాజుపోగులను కలిపి కరిగించి చేసిన రాళ్ళలోను చక్కని రేఖ కనబడుతుంది. వాటిని ప్రక్కనుండి భూతద్దంతో చూస్తే తేనెపట్టు గదులవంటి అల్లిక తెలియవచ్చు. పిల్లికన్ను రేఖగల స్ఫటికజాతి రాళ్ళు కూడా వైడూర్యమనే పేరుతో చలామణి అవుతున్నవి. గీకి చూడటం, కాల్చి చూడటం వంటి పనులు చేయకండి. మంచి రాయి చెడిపోతుంది. రత్నపరీక్షా కేంద్రంలో పరీక్షింపజేసి ధ్రువపత్రం తీసుకొనడమే తగిన మార్గం.

కనుకనే దీపం ముందు రేఖ కనబడినా, ఆ దంపతులకు రాయి అసలైనదని నేను చెప్పలేదు, పరీక్ష చేయించమన్నాను. నెల తిరగకముందే ధ్రువపత్రంతో వచ్చి పతకాన్ని సమర్పించారు. రాయి క్రిసోబెరిలే. హారతి వేళ మన గర్భగృహంలో విద్యుద్దీపాలు ఉండవు. ఈసారి దర్శనానికి వచ్చినప్పుడు అమ్మవారి వక్షఃస్థలం వైపు ఒక్క క్షణం చూడండి. అర్చకస్వామి చేతిలో కర్పూరజ్యోతి కదలినకొద్దీ ఆ సన్నని రేఖ కూడా దానితో కదలుతుంది.