గబ్బిలం చెవిలో చెప్పిన మాట

దసరా ముందు ఆదివారం సాయంత్రం సదర్ బజార్‌లో నడవడం మన బిలాస్‌పూర్ వారికి ఒక పరీక్షే. కిందటి సంవత్సరం అలాగే ఒక బట్టల దుకాణం ముందు శ్రీమతి కోసం నిరీక్షిస్తుండగా, పక్కనున్న పెద్దాయన ఒకరు సన్నగా పద్యం ఎత్తుకున్నారు. రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన శ్రీకాకుళం మనిషి. అది హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను పద్యం. ఎవరిదని అడిగితే, "బలిజేపల్లి వారిది గాక ఇంకెవరిది బాబూ" అన్నారు.

నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతకవిదే. కాని ఆ సీనులో నటులు తరతరాలుగా పాడుతున్న పద్యాలలో కొన్ని గుఱ్ఱం జాషువా 'శ్మశానవాటి' నుంచి వచ్చి చేరినవి. ఆ పెద్దాయన పాడినదీ వాటిలోనిదే.

నా చిన్నతనంలో మా ఊరి పందిట్లో ఆ పద్యాలకు 'వన్స్ మోర్' అని అరిచిన వారిలో నేనూ ఒకణ్ణి. పందిరికి దూరంగా చెరువుగట్టు మీద కూర్చుని నాటకం చూసిన వారిలో నా తరగతి మిత్రుడొకడు. ఆ పద్యం రాసినవారు గట్టు మీది వారి మనిషేనని మా ఇద్దరికీ తెలియదు. తెలిసి ఉంటే వాణ్ణి పందిట్లోకి పిలిచేవాణ్ణా? జవాబు చెప్పుకోవడం కష్టంగానే ఉంది.

1895లో వినుకొండలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' వెలువరించారు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు, నలుడి కథలో హంస ఉంది. జాషువా కథానాయకుడికి దొరికింది ఇంట్లోకి వస్తే అశుభమని మనం తరిమికొట్టే గబ్బిలం! కాని ఆలోచించండి: ఆ మనిషికి ప్రవేశం లేని గుడిలో అది నిశ్చింతగా వేలాడుతుంది. దాని కులం ఎవరూ అడగరు. పూజారి లేని సమయం చూసి శివుని చెవిలో తన గోడు చెప్పమని అతడు దానిని వేడుకొంటాడు. ఇందులో ఒక్క తిట్టు లేదు. మర్యాదగా చేసిన ఆ విన్నపమే తిట్టుకన్నా లోతుగా దిగుతుంది.

ఆ నాయకుణ్ణి కవి అరుంధతీసుతుడు అన్నారు. పెళ్లిపీటల మీద నుంచి లేచి వధూవరులు చూసే నక్షత్రం అరుంధతి. ఆమెకు మొక్కి ఆమె బిడ్డను వాకిట నిలబెట్టడం ఎలాగో చదువరే తేల్చుకోవాలి. ఒక్క మాటతో ఇంత పని చేయించడం సామాన్యం కాదు.

పద్యాన్ని ఎన్నుకోవడమూ అటువంటిదే. తమ సొత్తని పండితులు భావించిన ఛందస్సులోనే ఆయన వారిని నిలదీశారు. జమైకాలో పుట్టిన నల్లజాతి కవి క్లాడ్ మెకే 1919లో అమెరికాలో జాతి హింస చెలరేగినప్పుడు తన ధిక్కారాన్ని సానెట్‌లోనే పలికించాడు. అదీ ఆంగ్లేయుల పాత ఛందోరూపమే.

1965లో వచ్చిన దిగంబర కవుల దారి వేరు. ఆరుగురు యువకులు సొంత పేర్లు వదిలి నగ్నముని, జ్వాలాముఖి, చెరబండరాజు వంటి పేర్లు పెట్టుకున్నారు. తొలి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఇంట్లో పదిమందిలో చదవలేని మాటలు వాడారు, కావాలనే వాడారు. మా బాయిలరు భాషలో చెప్పాలంటే సేఫ్టీ వాల్వు ఎగిరిన చప్పుడు అది. జాషువాది నాజిల్ గుండా పంపిన ఆవిరి. నా మొగ్గు రెండవదాని వైపే. అయితే ఒక సందేహం లేకపోలేదు. దిగంబరుల మాటలు విని ఎవరూ 'వన్స్ మోర్' అనలేదు. జాషువా పద్యం తియ్యగా ఉన్నందువల్లనే మనం రాగం తీసుకుని విషయం వదిలేశామేమో!

ఆ సాయంత్రం పెద్దాయనకు ఇదంతా క్లుప్తంగా చెప్పాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "ఏ ఊరు వారండీ ఆయన?" అన్నారు.

"వినుకొండ" అన్నాను.

ఆయన అడిగింది ఊరు కాదని ఇద్దరికీ తెలుసు.