రెండు చెవుల యంత్రం

తార్నాకలో గది తీసుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివే విద్యార్థి, మాండలిక పరిశోధనకై ఒక వృద్ధుని మాటలను ఇంటి కంప్యూటరులో రికార్డు చేయదలచాడనుకొందాం. లోపలి సౌండ్ కార్డు యంత్రపు విద్యుత్ రొదను కూడా గ్రహించవచ్చు. కనుక అతడు యు.ఎస్.బి. కార్డు నొకదానిని బయట తగిలిస్తాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది. లినక్స్‌లోని ఆల్సా వ్యవస్థ కార్డులను తాను గుర్తించిన వరుసలో 0, 1 అని లెక్కిస్తుంది. యంత్రాన్ని మరల ప్రారంభించినప్పుడు ఆ వరుస తారుమారు కావచ్చు. అప్పుడు మైకు ఒక కార్డుకు ఉంటుంది. కంప్యూటరు మరొక కార్డును ఆలకిస్తుంది. తెరపై నిమిషాలు మాత్రం యథావిధిగా గడుస్తాయి! గంటసేపు చెప్పిన కథలో ఒక్క పలుకైనా మిగలదు. ఆ వృద్ధుడు మరల చెప్పినా అదే నుడికారంతో చెప్పడు. అందువలన కార్డును సంఖ్యతో గాక పేరుతో నిర్దేశించాలి. సంఖ్య మారినా సాధారణంగా పేరు మారదు. పెద్దాయన కథ ఆరంభించక ముందే నాలుగు మాటలు రికార్డు చేసి, విని చూసుకోవాలి.